రెండో సాక్సోఫోను

పెళ్ళిళ్ళలో సాక్సోఫోను వాయించేవాడికి ఒక విచిత్రమైన గౌరవం ఉంటుంది. భోజనాలకి వెళ్ళేవాళ్ళందరూ మన ముందునుంచే వెళతారు, ఒక్కరూ మనవైపు చూడరు. కానీ మనం ఆపామా, "ఏమైందండీ, ఎందుకాపేశారు?" అని నలుగురు పరుగెత్తుకొస్తారు. తిరుగుతున్నంతసేపూ గుర్తుండకుండా, ఆగితే మాత్రం అందరూ తలెత్తి చూసే వస్తువు ఇంట్లో ఇంకొకటుంది. నాకు ఫ్యాన్లు లేరని ఎవరైనా అంటే నేనే ఫ్యానుని కదా అంటుంటాను.

మా నాన్నది సన్నాయి, తెనాలి దగ్గర. నేను సన్నాయి వదిలి సాక్సోఫోను పట్టుకున్నాను, తెనాలి వదిలి చైతన్యపురి వచ్చి పడ్డాను. రెండింటికీ ఆయన ఒకే మాట అన్నాడు: "గాలిమార్పు మంచిదేలే." మెచ్చుకున్నాడో తిట్టాడో ఇప్పటికీ తేలలేదు. మా వీధిలో పిల్లలు నన్ను సాక్సంకుల్ అంటారు. కొత్తగా కిరాయికి దిగిన ఒకాయన మేజోళ్ళ వ్యాపారమనుకుని, హోల్‌సేల్‌లో ఇస్తారా అనడిగాడు.

నా పక్కన వాయించేవాడొకడున్నాడు. నాకంటే చిన్నవాడు. నన్ను అన్నా అంటాడు, నేను ఏరా అంటాను. పోచంపల్లి వైపు నేత కుటుంబం. వాళ్ళ బాబాయికి దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణముంది. ముహూర్తాలు లేని రోజుల్లో వాడు అక్కడ కూర్చుని, కొనని చీరల్ని విప్పి చూపించి మళ్ళీ మడతలు పెడుతుంటాడు. "వాళ్ళది నేత ఇల్లండీ, మేళానికి నేత మాత్రం నేనే" అని పెళ్ళివారితో చాలాసార్లు అన్నాను. ప్రతిసారీ వాడు కొత్తగా విన్నట్టే నవ్వాడు. అలా నవ్వడం కూడా వాడి పనిలో భాగమనుకునేవాణ్ణి.

వాడి పనేమిటో చెప్పాలి, లేకపోతే తర్వాత నా బాధ మీకర్థం కాదు. మా వాయిద్యాల్లో ముందుండేవాడు మెయిను, పక్కనుండేవాడు సెకండు. పాట నడిపేది మెయిను. అయితే నోటితో ఊదేది కాబట్టి ఎంత మొనగాడైనా ఎక్కడో ఒకచోట ఊపిరి తీసుకోక తప్పదు. ఆ చోట పాట తెగకుండా సెకండు అందుకోవాలి. ముందే అందుకుంటే మీద పడ్డట్టుంటుంది, ఆలస్యమైతే రోడ్డుమీద గుంతలా వినబడుతుంది. నేను ఊపిరి నిండగానే మళ్ళీ మొదలుపెడతాను, వాడు ఠక్కున తప్పుకోవాలి. ఇందుకోసం వాడు నా కుడిచేతి పక్కన, అర అడుగు వెనక నిలబడి నా భుజం చూస్తుంటాడు. ఊపిరి తీసుకునేముందు నా భుజం కాస్త లేస్తుందట. నాకా సంగతి తెలియదు, వాడే చెప్పాడు.

చివర్లో శాలువా నాకు కప్పుతారు. వాడికి తాంబూలం సంచీ ఇస్తారు. నా సంచీ కూడా వాడే మోస్తాడు.

వీడిమీద నీకు అసూయ పుడుతుందని ఎవరైనా జాతకం చెప్పి ఉంటే నవ్వేవాణ్ణి. అసూయ పడాలంటే మనిషి ఎదురుగా ఉండాలి. వాడెప్పుడూ పక్కనే ఉండేవాడు.

ఆ ఏడు శుక్రమూఢం వచ్చింది. మూఢంలో ముహూర్తాలుండవు కనక పురోహితులకీ పూలవాళ్ళకీ వంటవాళ్ళకీ మాకూ ఒక్కసారే సెలవు. ఫంక్షన్ హాళ్ళు లైట్లార్పుకుని కూర్చుంటాయి. ఎల్‌బీ నగర్ దాటాక విజయవాడ రోడ్డుమీద మాకలవాటైన హాలొకటుంది, దాని మేనేజరు మా వైపు మనిషే. ఆయన ఫోన్ చేశాడు.

"గురువుగారూ, ఖాళీయేనా?"

"శుక్రుడే కనబడకుండా పోయాడు, నేనేం కనబడతానండీ."

"అయితే మన హాలుకి రండి. మూడ్రోజులు జాజ్ పండగ పెడుతున్నారు. మూఢం కదా, చవగ్గా ఇచ్చేశాం. పగలు నేర్పిస్తారంట, సాయంత్రం కచేరీలంట. ఈ చుట్టుపక్కల వాయించేవాళ్ళకి ఫీజు లేదంట, ఊరికే నేర్పుతారంట. సాక్సోఫోను క్లాసు కూడా ఉందనగానే మీరే గుర్తొచ్చారు."

జాజ్ అనే మాట నాకు తెలియకపోలేదు. సాక్సోఫోను వాయిస్తానని చెప్పిన ప్రతిచోటా ఎవరో ఒకరు, "జాజ్ వాయిస్తారా?" అనడిగేవారు. "జాజ్ కాదండీ, మాది జాజి, విరజాజి, పూలజడల దగ్గర వాయించేది" అని తప్పించుకునేవాణ్ణి. మేనేజరు ఫోన్ పెట్టేసేముందు ఇంకో మాట చెప్పాడు. నేర్చుకునేవాళ్ళలోంచి వాయిద్యానికొకరిని ఎంచి, మూడో సాయంత్రం పెద్ద బృందంతో కలిపి స్టేజిమీద కూర్చోబెడతారట. సాక్సోఫోనుకి ఒకే కుర్చీ. అది నాదేనని ఆ క్షణమే తేలిపోయింది. తేల్చినవాణ్ణి నేనే అనుకోండి.

వాణ్ణి కూడా తీసుకెళదామని చీరల దుకాణానికి వెళ్ళాను. పెద్దమనసుతో కాదు. వాడు పక్కనుంటేనే నేను మెయిను, ఒక్కణ్ణే వెళితే ఉత్త సాక్సోఫోను వాయించే మనిషిని.

"జాజా? గది మనకెట్లొస్తదన్నా" అన్నాడు, పరుపుమీద పరుచుకున్న చీరల మధ్యనుంచి.

"నీకు రానక్కర్లేదురా, నాకొస్తుంది. నువ్వు వెనక ఉండు చాలు."

"గట్లనా. అయితే ఒస్త. బాబాయికి చెప్పి ఒస్త, జర ఆగు."

హాలు దగ్గరికెళ్ళేసరికి గేటుమీద పెళ్ళికొడుకు పేరూ పెళ్ళికూతురి పేరూ ఉండాల్సిన పూలబోర్డుమీద జాజ్ అనీ ఫెస్టివల్ అనీ రాసి, రెండింటి మధ్యా పాత పెళ్ళి తాలూకు థర్మకోల్ గుండెకాయ అలాగే వదిలేశారు. జాజ్‌కీ ఫెస్టివల్‌కీ సంబంధం కుదిరినట్టుంది. డ్రమ్ముల క్లాసు డైనింగ్ హాల్లో పెట్టారు. గిటార్లవాళ్ళని వంటశాల పక్కనున్న షెడ్డులో పెట్టారు. సాక్సోఫోనుకి పెళ్ళికూతురు గది ఇచ్చారు. మూడు గోడలకీ నిలువుటద్దాలు, అద్దాల చుట్టూ బల్బులు. ఎటు చూసినా నేనే కనబడ్డాను. మొదటిరోజు పొద్దున అది నాకు బాగానే ఉంది.

నేర్పడానికి వచ్చినావిడ గోవా నుంచి వచ్చింది. పెద్దావిడే, తెల్లజుట్టు కురచగా కత్తిరించుకుని, మగాళ్ళ చొక్కాలాంటిది వేసుకుంది. సగం హిందీ, సగం ఇంగ్లీషు. చుట్టూ ఐటీ ఉద్యోగాల పిల్లలు, తళతళలాడే సాక్సోఫోన్లు. మా రెండూ అగరొత్తుల పొగలోనూ అక్షింతల్లోనూ రంగు పోయి, ఇత్తడి బిందెలకి చుట్టాల్లా ఉన్నాయి.

ముందు అందరినీ ఒక్కొక్కరుగా వాయించమన్నారు టీచరమ్మ. నా వంతుకి కల్యాణి ఎత్తుకున్నాను. పెళ్ళివారికి నచ్చే రాగం, పేరులోనే ఉంది పని. కింద మొదలుపెట్టి మెట్టుమెట్టూ ఎక్కి, పైన కాసేపు కూర్చుని, మళ్ళీ దిగాను. ఆవిడ కళ్ళు మూసుకుని విన్నారు. ఊపిరి నిలకడ గురించీ స్వరం నిండుతనం గురించీ రెండు మంచి మాటలన్నారు. కుర్చీ ఒక అంగుళం నావైపు జరిగినట్టనిపించింది.

తర్వాత ఇద్దరిద్దర్ని జతలు చేశారు. నేర్చుకున్న పాటలు వద్దన్నారు. ఒకరు మాట్లాడాలి, ఇంకొకరు విన్నదానికి జవాబు చెప్పాలి, అంతా వాయిద్యంతోనే. మా ఇద్దరిదీ ఒక జత. నేను మాట్లాడాను. మైకు దొరికిన కార్పొరేటర్ మాట్లాడినట్టు మాట్లాడాను. చెప్పాల్సిందీ చెప్పక్కర్లేనిదీ అంతా చెప్పేసి ఊపిరి కోసం ఆగాను. అప్పుడు వాడు మూడంటే మూడు స్వరాలు వాయించి ఊరుకున్నాడు.

టీచరమ్మ చెయ్యెత్తారు. వాడి మొహం మాడిపోయింది.

"తప్పయిందా మేడం?" అన్నాడు హైదరాబాదీ హిందీలో.

"లేదు. మళ్ళీ వాయించు" అన్నారావిడ. మళ్ళీ నేను ఉపన్యాసమిచ్చాను, మళ్ళీ వాడు చిన్న జవాబిచ్చాడు, ఈసారి వేరే స్వరాలు. ఆవిడ మిగతావాళ్ళవైపు తిరిగి, "చూశారా, మీరంతా మీ వంతెప్పుడొస్తుందా అని కాచుకున్నారు. ఇతను వింటున్నాడు. రెండూ ఒకటి కావు" అన్నారు. తర్వాత వాణ్ణడిగారు, "ఇలా వినడం నీకెవరు నేర్పారు?"

వాడు నావైపు చూపించాడు. "అన్ననే."

అందరూ నావైపు తిరిగారు. నేను వినయంగా తలదించుకున్నాను. అద్దాల్లో మూడువైపులా నేను తలదించుకోవడం కనబడింది, బాగానే ఉంది. ఆ మెప్పు నాది కాదని నాకు మెట్రో ఎక్కిన తర్వాత గానీ తట్టలేదు. మనం ఎక్కాల్సిన బస్సు మన స్టాపులో నెమ్మదించి, చెయ్యెత్తేలోపు ముందుకెళ్ళి పక్క స్టాపులో ఆగుతుందే, అలా జరిగింది.

కొత్తపేటలో దిగి, పాత పండ్ల మార్కెట్టు ఎదురుగా చాయ్ తాగాం. మార్కెట్టు వెళ్ళిపోయింది గానీ చాయ్ బండి మాత్రం ఉన్నచోటే ఉంది.

"మేడం ఇంగ్లిష్ల ఏమన్నదన్నా? నాకు సగమే సమజైంది."

"బాగా వాయించావంది."

"నేనేడ వాయించిన. నువ్వాపినకాడ జర ఊదిన."

"ఆ ఊదిందే బాగుందట."

"గంతేనా" అని బిస్కెట్టు ముంచుకున్నాడు. "నువ్వు రేపు గా కల్యాణి ఇంకొంచెం సేపు వాయించన్నా. మంచిగుండె."

వాడు కాస్త గర్వపడి ఉంటే నాకెంతో హాయిగా ఉండేది. గర్వపడేవాణ్ణి చూసి మనసులో నాలుగు తిట్టుకోవచ్చు, 'వీడికి అప్పుడే కొమ్ములొచ్చాయి' అనుకోవచ్చు. వాడు బిస్కెట్టు చాయ్‌లో విరిగిపడితే దాన్ని వేలితో తీసుకుంటున్నాడు. అసూయ పడటానికి అవతలివాళ్ళ సహకారం కూడా కొంచెం ఉండాలి. అది కూడా నాకు దొరకలేదు.

ఇంటికెళ్ళి మజ్జిగ అడిగాను.

"ఏమైందండీ?" అంది మా ఆవిడ.

"కడుపులో మంటగా ఉంది."

"మధ్యాహ్నం ఏం తిన్నారు?"

"ఏం తినలేదు."

"మరి మంటెందుకొచ్చింది?" అని గ్లాసు చేతికిచ్చి, ఎదురుగా కూర్చుంది. మా ఆవిడ అలా కూర్చుందంటే అంతా చెప్పేదాకా లేవదు. చెప్పాను.

"మీరేం వాయించారు?"

"కల్యాణి. మొత్తం."

"తమ్ముడేం వాయించాడు?"

"మూడు స్వరాలు."

ఖాళీ గ్లాసు అందుకుంది. "అయితే మీరు రేపు రెండు వాయించండి. కుర్చీ మీకే వస్తుంది."

వేళాకోళానికే అంది గానీ మర్నాడు పొద్దున నేను నిజంగానే ప్రయత్నించాను. తక్కువ వాయించడం చూడ్డానికి తేలికే. ఒక స్వరం వాయించి ఆగాను. ఆగిన చోట ఏం చెయ్యాలో తోచలేదు. ఖాళీ చేతులతో పెళ్ళికెళ్ళినట్టనిపించింది. ఇంకొకటి వాయించి ఇంకా ఎక్కువసేపు ఆగాను. టీచరమ్మ దగ్గరికొచ్చి, వాయిద్యం మూతి దగ్గరి రెల్లు పలక చూస్తూ, "రీడు పగిలిందా?" అనడిగారు. సోలో అంటే ఒక్కడే వాయించుకోవడమని ఆ పొద్దునే చెప్పారావిడ. నాకొచ్చేది సోలో కాదు, సొల్లని ఆవిడ అనలేదు. అది నేను సొంతంగా నేర్చుకున్నాను.

మధ్యాహ్నం జతలు మళ్ళీ నిలబడ్డాయి. కుర్చీ ఎవరికిచ్చేదీ ఈ పూట చెబుతానన్నారావిడ. మా జత ఆఖరిది.

సన్నాయి వాళ్ళ దగ్గర ఒక విద్య ఉంది. బుగ్గల్లో గాలి నిలబెట్టుకుని, ఆ గాలి బయటికి తోస్తూనే ముక్కుతో కొత్త ఊపిరి లోపలికి లాగుతారు. నాదం తెగదు, భుజం లేవదు. మా నాన్న నాకు కుండలో నీళ్ళుపోసి, గొట్టంతో బుడగలు ఆగకుండా ఊదించి నేర్పాడు. పక్కన సెకండు ఉన్నవాడికి దాంతో పనిలేదు కనక పెళ్ళిళ్ళలో నేనెప్పుడూ వాడలేదు. ఆ మధ్యాహ్నం వాడాను. నా లెక్క తేలికైనది. నేను ఊపిరికి ఆగకపోతే వాడికి చోటే దొరకదు. చోటు దొరకనివాడు ఏం వాయిస్తాడు?

మొదలుపెట్టాను. వాడు మౌత్‌పీసు పెదాల మధ్య పెట్టుకుని, ఎప్పటిలాగే నా భుజం చూస్తూ నిలబడ్డాడు. అద్దాల్లో మూడువైపుల నుంచీ వాడు నా భుజమే చూస్తున్నాడు. భుజం లేవలేదు. పిల్లలు ముందు ఆశ్చర్యపోయారు, తర్వాత ఫోన్లు తీశారు, తర్వాత చప్పట్లు మొదలయ్యాయి. అద్దంలో నా బుగ్గలు నూనెలో పొంగిన పూరీల్లా ఉన్నాయి, కళ్ళు బయటికొస్తున్నాయి. ఇంకొంచెం, ఇంకొంచెం అనుకున్నాను. వయసు నాన్న చెప్పిన పాఠంలో లేదు. ఒక పై స్వరం మధ్యలో బుగ్గలు చేతులెత్తేశాయి. నాదం చీలి, కోడిపుంజు గొంతు పట్టేసినట్టు అరిచింది.

ఆ అరుపు ఇంకా గదిలో ఉండగానే వాడందుకున్నాడు. చీలిన ఆ స్వరాన్నే పట్టుకుని, అది అలా చీలడమే పాటన్నట్టు రెండుసార్లు చీల్చి, నెమ్మదిగా సాపు చేసి, నేను ఎక్కడికి తీసుకెళదామనుకున్నానో సరిగ్గా అక్కడికి తీసుకెళ్ళి దింపాడు. చీర మడతపెట్టి పక్కన పెట్టినట్టు ఆపేశాడు.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆ నిశ్శబ్దం చప్పట్లకంటే పెద్దదని నాకు బాగా తెలుసు. నాకెప్పుడూ రాలేదు కాబట్టి.

"అంతసేపు ఆగావు. ఏమనుకుంటూ ఆగావు?" అని వాణ్ణడిగారు టీచరమ్మ.

"ఏం అనుకోలే మేడం" అన్నాడు. "అన్న దమ్ము తీస్తలేడు. పొద్దుగాల బీపీ గోళీ ఏస్కున్నడో లేదో అని పరేషాన్ అయిన."

గదంతా నవ్వింది. నేనూ నవ్వాను, అందరూ నవ్వేటప్పుడు నవ్వకపోతే బాగుండదు కదా. టీచరమ్మ మాత్రం నవ్వలేదు. రేపటి కుర్చీ ఇతనిది అన్నారు.

"నాకా? అన్న ఉండంగ నాకెట్ల" అన్నాడు వాడు. "అన్న పక్కకుంటే వాయిస్త మేడం. ఇద్దరం అలవాటు."

"ఒకటే కుర్చీ" అన్నారావిడ.

వాడు నావైపు చూశాడు. పిల్లలు నావైపు చూశారు. అద్దాల్లో నేను కూడా నావైపు చూశాను. పెద్దవాడు అనాల్సిన మాట ఒకటుంది, అది అనేదాకా ఎవరూ కదిలేట్టు లేరు.

"వాయించరా" అన్నాను. ఆ పూట మిగిలిన ఊపిరంతా ఆ ఒక్క మాటకే సరిపోయింది.

మూడో రోజు మధ్యాహ్నం వాడు ఇంటికొచ్చాడు. ఏం వేసుకోవాలో అడగడానికి. మా ఆవిడ లోపలినుంచి వింటోంది. జాజ్ వాళ్ళందరూ నల్లచొక్కాలు వేసుకుంటున్నారని నేను రెండు సాయంత్రాలుగా చూస్తున్నాను. "పట్టుపంచ, లాల్చీ వేసుకో" అన్నాను. "మన పద్ధతి మనం వదలకూడదు."

"అంతే గదా" అన్నాడు సంతోషంగా.

వాడు వెళ్ళాక మా ఆవిడ బయటికొచ్చి పప్పుగిన్నె కొంచెం గట్టిగా పెట్టింది, అంతే.

సాయంత్రం హాలు నిండింది. బాణాసంచా లేదు, వీడియో డ్రోను లేదు, కుర్చీలకి మాత్రం పెళ్ళి తాలూకు తెల్లగుడ్డలూ వెనక రిబ్బన్ ముడులూ అలాగే ఉన్నాయి. నేనూ మా ఆవిడా మధ్య వరసలో కూర్చున్నాం. నల్లచొక్కాలన్నిటి మధ్యా వాడు జేగురురంగు అంచున్న పట్టుపంచలో వచ్చాడు. వెనక వరసలో ఎవరో అమ్మాయి, "వావ్, ఎంత బాగున్నాడు" అంది. నా సలహాలు ఎప్పుడు ఫలిస్తాయో నాకే తెలియదు.

పియానో ఎడమవైపుంది, డ్రమ్ములు వెనక. పాట మొదలై నాలుగైదు చుట్లు తిరిగాక టీచరమ్మ వాడివైపు చెయ్యి చాపారు. వాడు లేచి నిలబడి ఒక చిన్న వరస వాయించాడు. ఆగాడు. ఆగి, ఎడమవైపుకి తల తిప్పాడు. అది చూసి పియానో ఆయన తననే వాయించమంటున్నాడనుకుని కిందనుంచి పైకి ఒక మెరుపు మెరిపించాడు. వాడు మళ్ళీ వాయించాడు, మళ్ళీ ఆగాడు, మళ్ళీ ఎడమవైపు చూశాడు. ఈసారి పియానో ఆయన నవ్వుతూ ఇంకా పెద్ద జవాబిచ్చాడు. జనం హోరుమన్నారు. బృందాన్ని కంటిచూపుతో నడిపించేస్తున్నాడీ పంచె కట్టుకున్నాయన అని ముందు కుర్చీలో ఒకాయన పక్కాయనతో అన్నాడు.

ఆ చూపు నాకు తెలుసు. అది నడిపించేవాడి చూపు కాదు, నా భుజం కోసం వెతికే చూపు.

అది తెలిశాక ఇంకోటి కూడా తెలిసింది. వాడు వాయించిన వరసలన్నీ, నేను వాయించేటప్పుడు నా ఊపిరి అయిపోయే చోట్ల వచ్చేవి. మిగతా చోట్ల, అంటే పెళ్ళిలో అయితే నేనుండే చోట్ల, వాడు ఊరికే ఆగిపోతున్నాడు. ఆ ఖాళీల్లో డ్రమ్ములాయన గొలుసులా ఏదో గలగలలాడించేవాడు, లేదా ఎవరూ ఏమీ వాయించేవారు కాదు, జనం ఊపిరి బిగబట్టేవాళ్ళు. ఎంత ధైర్యంగా ఖాళీలొదులుతున్నాడని ముందాయన మళ్ళీ అన్నాడు. అవి ధైర్యం ఖాళీలు కావండీ, నా ఖాళీలు అని చెబుదామనిపించింది. ఎల్‌బీ నగర్‌లో ఖాళీ స్థలం నాదని చెప్పుకోవాలంటే చుట్టూ కనీసం ప్రహరీగోడైనా ఉండాలి. నా దగ్గర ఏముంది?

మా ఆవిడ నా చెవి దగ్గరికొచ్చింది. "ఏవండీ, మీ వేళ్ళు."

చూస్తే తన మోచేతిమీద నా వేళ్ళు స్వరాలు నొక్కుతున్నాయి.

"బుగ్గలు కూడా పూరిస్తున్నారు. పక్కవాళ్ళు చూస్తున్నారు."

"ఇప్పుడొక ఖాళీ వచ్చింది విన్నావా? అది నాది."

"ఏ ఖాళీ?"

"ఇప్పుడే అయిపోయిందే, అది."

జ్వరం వచ్చిందేమోనని చూసినట్టు చూసింది. తర్వాత చెయ్యి మాత్రం తియ్యలేదు, వాయించుకోమన్నట్టు అక్కడే ఉంచింది. పాట అయిపోయింది. అందరూ లేచి చప్పట్లు కొట్టారు, మా ఆవిడ కూడా కొట్టింది. నేనూ కొట్టాను. వాయించినవాడికి చప్పట్లు వస్తే ఓర్చుకోవచ్చు. నేను వాయించనిదానికి కూడా చప్పట్లు వాడికే పోవడం ఎక్కడి న్యాయమో ఇప్పటికీ నాకర్థం కాదు.

బయట జనం వాడితో ఫోటోలు దిగుతున్నారు. వాడు వాళ్ళ మధ్యనుంచి విడిపించుకుని మా దగ్గరికొచ్చాడు. పంచె చెమటకి తడిసింది.

"ఎట్లుండెనన్నా?"

"బాగుంది" అన్నాను. మా ఆవిడ నావైపు చూసింది. "చాలా బాగుంది" అన్నాను.

"నాకేం తోచలేదన్నా. ఎడమదిక్కు చూస్తె నువ్వు లేవు, గా పియానో ఆయన ఉన్నడు. నవ్వుతుండు, ఎందుకో నాకు తెల్వదు."

"మరి మధ్యమధ్యలో ఎందుకాగావు?"

ఇదేం ప్రశ్న అన్నట్టు చూశాడు. "ఆడ నువ్వుంటవు గదా."

మా ఆవిడ, "ఇద్దరూ రండి, మెట్రో టైమవుతోంది" అంది.

మూఢం వెళ్ళగానే మొదటి ముహూర్తం కొత్తపేటలో పడింది. పెళ్ళికూతురి మేనమామ మమ్మల్ని చూడగానే గుర్తుపట్టాడు. మమ్మల్ని అంటే వాణ్ణి. ఎవరో ఫోన్‌లో తీసిన ఆ మూడో సాయంత్రం వీడియో ఆయన దాకా వచ్చిందట. "మీరే గదా సార్ ఆయన" అని వాడి చేతులు పట్టుకున్నాడు. నా వైపు తిరిగి మర్యాదగా, "మీరు కూడా వాయిస్తరా?" అనడిగాడు. అప్పుడప్పుడూ అన్నాను.

ఎదురుసన్నాహం దగ్గర మొదలుపెట్టాం. వీడియో తీసే అతను ముందుకొచ్చి చెయ్యి ఊపాడు. "ముందున్న సార్, జర పక్కకు జరుగుర్రి. వెనకాయన కనబడ్తలేడు."

ఒక అడుగు జరగాలి. అర అడుగు జరిగాను. నేను జరిగానని వాడు కూడా అలవాటుకొద్దీ అర అడుగు అటే జరిగి, మళ్ళీ నా భుజం వెనక్కే వచ్చి నిలబడ్డాడు. వీడియో అతను మళ్ళీ చెయ్యి ఊపాడు. మళ్ళీ జరిగాను, మళ్ళీ వెనకే వచ్చాడు. ఇలా అయితే ఇద్దరం కలిసి పాయసం గంగాళంలో పడేలా ఉన్నాం. చరణం మధ్యలోనే నోరూ ఒక చెయ్యీ తీసి, వాడి మోచెయ్యి పట్టుకుని నా వరసలోకి లాగాను.

"ఏమైందన్నా?"

"నిలబడరా ఇక్కడ" అన్నాను. ప్రేమగా అన్నానని ఎవరైనా అనుకుంటే అది వాళ్ళిష్టం. విసుగ్గానే అన్నాను.

వాడు నిలబడ్డాడు. పక్కపక్కనే ఉండేసరికి నా భుజం కనబడక ఇబ్బంది పడుతున్నాడని తెలుస్తూనే ఉంది. ఊపిరి తీసుకోవాల్సిన చోటొచ్చింది. వాడికి కనబడేట్టు భుజం బాగా పైకెత్తి తీసుకున్నాను. వాడందుకున్నాడు. ఇన్నేళ్ళూ ఆ చోట నాకు నా ఊపిరి చప్పుడు తప్ప ఏమీ వినబడేది కాదు. ఆ రోజు ఊపిరి నిండిపోయాక కూడా నేను మొదలుపెట్టకుండా వింటూ ఉండిపోయాను. వాడు కంగారుగా నావైపు చూశాడు. కానిమ్మన్నట్టు తలూపాను.

బాగా వాయిస్తున్నాడు. ఎప్పట్నుంచి ఇలా వాయిస్తున్నావురా అని, భోజనాల దగ్గర అడుగుదామనుకున్నాను. మొదట్నుంచీ అంటాడేమోనని అడగలేదు.